గేటుకు తాళం పడిన యాభై ఏళ్లు

మహిళా ఫుట్‌బాలర్ల పారితోషికంపై వాదన మళ్లీ రాజుకుంది. 2022 పురుషుల ప్రపంచకప్ ప్రైజ్‌మనీ 44 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది మహిళల టోర్నీకి ఇచ్చింది 11 కోట్లు. చూసే జనమే లేకపోతే డబ్బెక్కడిదని కొందరి ప్రశ్న. ఆ జనం ఒకప్పుడు ఉన్నారు.

1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కు స్టేడియంలో ‘డిక్, కెర్ లేడీస్’ అనే మహిళా జట్టు ఆట చూడ్డానికి 53 వేల మంది వచ్చారు. చోటు దొరక్క ఇంకా వేల మంది బయటే ఆగిపోయారు. ఆ జట్టువాళ్లు ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ పట్టణంలో ఫ్యాక్టరీ పనివాళ్లు. మగవాళ్లు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినప్పుడు ఆయుధాలు తయారుచేసే పనిలో చేరి, విరామంలో బంతాట మొదలుపెట్టి జట్టు కట్టారు. బ్రిటన్‌లో 30 ఏళ్లలోపు ఆడవాళ్లకు అప్పటికి ఓటు లేదు. అయినా ఈ అమ్మాయిలు ఊరూరా తిరిగారు, ఫ్రాన్స్ జట్టుతో ఆడారు, టికెట్ల మీద వచ్చిన డబ్బును గాయపడ్డ సైనికులకూ ఆసుపత్రులకూ ఇప్పించారు. పద్నాలుగు పదిహేనేళ్ల వయసులోనే జట్టులోకి వచ్చిన లిల్లీ పార్ ఎడమకాలి షాట్ గురించి జనం చెప్పుకునేవారు. తన ఒంట్లో ఇంత బలముందని ఒక అమ్మాయికి నలుగురి ముందూ తెలిసొచ్చే చోటు ఆ మైదానమే.

ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్‌లో ఆటను నడిపే సంఘం, ఫుట్‌బాల్ అసోసియేషన్, తీర్మానం చేసింది. ఈ ఆట ఆడవాళ్లకు తగదు, ప్రోత్సహించకూడదు, సభ్య క్లబ్బులు తమ మైదానాలు ఇవ్వకూడదు. వసూళ్లలో ఎక్కువ భాగం ఖర్చులకే పోతోందన్నది సంఘం చెప్పిన మరో కారణం. పని మానుకుని వచ్చే కార్మికురాలికి ఆ రోజు కూలీ ఎవరిస్తారన్న ప్రశ్న అందులో లేదు. ఆడవాళ్ల ఒంటికి ఈ ఆట పడదని డాక్టర్లూ వంత పాడారు.

ఆట ఆగలేదు. 1922లో డిక్, కెర్ జట్టు అమెరికా వెళ్లి మగవాళ్ల జట్లతోనే తలపడింది. కానీ ఇంగ్లండ్‌లో పెద్ద స్టేడియం లేదు, కాబట్టి పెద్ద గుంపూ లేదు, వసూలూ లేదు. ఇప్పటి లెక్కలకు మూలం ఇక్కడే ఉంది. బ్రెజిల్ 1941 నుంచి 1979 దాకా, పశ్చిమ జర్మనీ 1955 నుంచి 1970 దాకా ఇలాంటి నిషేధాలే పెట్టాయి.

2022 ఏప్రిల్‌లో బార్సిలోనా మహిళల మ్యాచ్‌కు క్యాంప్ నౌ స్టేడియంలో 91,648 మంది కూర్చున్నారు. ఇంగ్లండ్ సంఘం 1970ల మొదట్లో నిషేధం ఎత్తేసింది, 2008లో క్షమాపణ చెప్పింది. డిక్, కెర్ జట్టు మాత్రం 1965లోనే మూతపడింది.