కీబోర్డ్‌లో రెండో మెట్టు: అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో సగం మంది కొత్తవాళ్లు కాదు. నాలుగైదు స్కేళ్లు వచ్చు, మేజర్, మైనర్ కార్డులు (మూడు స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) వచ్చు, పది పాటల దాకా వాయిస్తారు. "అన్నీ కరెక్టుగానే నొక్కుతున్నాను సర్, కానీ వింటుంటే పాటలా ఉండట్లేదు" అంటారు. వాయించమని వింటే నిజంగానే స్వరాల్లో తప్పుండదు. చిక్కంతా అతుకుల దగ్గరే, అంటే ఒక కార్డు వదిలి ఇంకోటి పట్టుకునే ఆ అరక్షణంలో. అది వదిలేసి మిగతా చోట్లన్నీ వెతుకుతుంటారు. ఎందుకో కింద చదవండి.

అపోహ: ఇంకా ఎక్కువ కార్డులు నేర్చుకుంటే పై స్థాయికి వెళ్లినట్టే.

సెవెంత్‌లు, డిమినిష్డ్‌లు లాంటి కొత్త కార్డులు ఎక్కడికీ పోవు. ముందు వచ్చిన నాలుగు కార్డుల మధ్య దూరం తగ్గించండి. సి, ఎ మైనర్, ఎఫ్, జి వరుస తీసుకుందాం. మొదటిమెట్టులో నేర్పినట్టు ప్రతి కార్డునీ దాని సొంత స్వరంతో మొదలుపెడితే చెయ్యి కీబోర్డు మీద కప్పలా గెంతుతుంది. గెంతిన ప్రతిసారీ శబ్దం తెగుతుంది.

ఇప్పుడు కుడిచేత్తో సి-ఇ-జి పట్టుకోండి. చిటికెనవేలు ఒక్కదాన్నే జి నుంచి ఎ కి జరిపితే సి-ఇ-ఎ. ఎ మైనర్ వచ్చేసింది. ఈసారి మధ్య స్వరం ఇ ని పక్కనే ఉన్న ఎఫ్‌కి జరపండి. సి-ఎఫ్-ఎ, అంటే ఎఫ్ మేజర్. తర్వాత మూడు స్వరాలూ కాస్త కిందికి దిగి బి-డి-జి అవుతాయి, అది జి. అక్కడి నుంచి సి కి తిరిగొచ్చేటప్పుడు పైనున్న జి కదలదు, మిగతా రెండూ ఒక్కో మెట్టు ఎక్కుతాయి. ఎడమచెయ్యి మాత్రం కింద సి, ఎ, ఎఫ్, జి అని ఒక్కో స్వరమే వేస్తుంది. ఇవే ఇన్వర్షన్లు, అంటే కార్డులో అవే స్వరాల్ని వేరే వరుసలో పట్టుకోవడం. కార్డులు అవే, నొక్కే కీలూ దాదాపు అవే, కానీ వినేవాళ్లకి మనిషి మారినట్టు ఉంటుంది. నన్నడిగితే రెండో మెట్టులో మొదటి నెలంతా దీనికే ఇచ్చినా నష్టం లేదు.

అపోహ: వేగంగా సాధన చేస్తేనే వేగం వస్తుంది.

వేళ్లు మనం చేయించిందే నేర్చుకుంటాయి. తడబడుతూ యాభైసార్లు వాయిస్తే తడబాటు యాభైసార్లు సాధన చేసినట్టు. సి మేజర్ స్కేలు కుడిచేత్తో వాయించి జాగ్రత్తగా వినండి. సి, డి, ఇ అయ్యాక బొటనవేలు కిందనుంచి దూరి ఎఫ్ మీద పడాలి. చాలామందికి ఆ ఎఫ్ ఒక్కటే 'డబ్'మని బరువుగా వినిపిస్తుంది. బొటనవేలు ఆలస్యంగా బయల్దేరి చేతి బరువంతా వేసుకుని పడుతుందన్నమాట. చూపుడువేలు డి నొక్కుతున్నప్పుడే బొటనవేలు అరచేతి కిందికి జరగడం మొదలవ్వాలి. మెట్రోనోమ్ (లయకి టిక్కులు కొట్టే పరికరం) నిమిషానికి 60లో పెట్టుకుని ఇ-ఎఫ్, ఇ-ఎఫ్ ఆ రెండు స్వరాలే వాయించండి. ఆ దెబ్బ వినపడకుండా ఐదుసార్లు వస్తే నాలుగు పెంచండి.

పాటలోనూ అంతే. చాలామందికి పల్లవి బంగారంలా వస్తుంది, చరణంలో కూలబడతారు. తప్పు జరిగిన ప్రతిసారీ మళ్లీ మొదటికెళితే పల్లవికి వంద సాధనలు, చరణానికి పది. తడబడే చోట ముందు బార్ (తాళం ఒక చుట్టు) చివరి బీట్, తర్వాతి బార్ మొదటి బీట్, అంతవరకే కోసుకుని పట్టుబట్టండి.

అపోహ: ట్రాన్స్‌పోజ్ బటన్ (నొక్కే కీలు మార్చకుండానే శ్రుతి మార్చేది) ఉండగా అన్ని స్కేళ్లూ ఎందుకు?

ఆ బటన్ వాడటం పాపమేం కాదు. పాడేవాళ్లు "అర శ్రుతి దించండి" అంటే నేనూ వాడతాను. కానీ ఒకసారి స్టేజి మీద అంతకుముందు పాటకి +2 పెట్టి తియ్యడం మర్చిపోయాను. తర్వాతి పాటలో ఫ్లూట్ సరైన శ్రుతిలో మొదలైంది, నేను రెండు సెమీటోన్లు పైన దిగాను. పాడే ఆవిడ నావైపు తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

పాట మధ్యలో స్కేలు మారితే బటన్ వెతుక్కునే వ్యవధి ఉండదు. పైగా అన్ని స్కేళ్లకీ వేళ్ల వరుస ఒకటే కాదు. ఎఫ్ మేజర్‌లో నాలుగో స్వరం బి ఫ్లాట్, నల్ల కీ. అందుకని బొటనవేలు నాలుగో స్వరానికి కాకుండా ఐదోదానికి, అంటే సి కి దూరుతుంది.

అపోహ: నల్ల కీలున్న స్కేళ్లు కష్టం.

చదవడానికి కష్టమేమో గానీ వేళ్లకి కాదు. ఐదు నల్ల కీలూ ఉన్న బి మేజర్‌లో పొడుగు వేళ్లు నల్ల కీల మీద, పొట్టి బొటనవేలు తెల్ల కీల మీద వాటంగా కూర్చుంటాయి. పేరున్న పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులకు ఈ స్కేలే ముందు నేర్పేవాడు.

అపోహ: కీబోర్డ్‌లోనే ఉండే రిథమ్ ఆన్ చేసి వాయించగలిగితే తాళం వచ్చినట్టే.

డ్రమ్స్, బేస్, స్ట్రింగ్స్ అన్నీ మోగుతుంటే మన ఎగుడుదిగుళ్లు ఎవరికీ వినపడవు, మనతో సహా. రిథమ్ ఆపేసి ఒక్క నిమిషం ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మొదటిసారి విన్నవాళ్ల మొహాలు నేను చాలా చూశాను. ఆ తర్వాత పాట వేగం 80 అయితే మెట్రోనోమ్‌ని 40లో పెట్టి, ఆ టిక్కుల్ని రెండో, నాలుగో బీట్‌లుగా అనుకుని వాయించండి. ఒకటో బీట్ ఎక్కడుందో అప్పుడు మీరే మోయాలి.

అపోహ: కార్డుతోపాటే సస్టైన్ పెడల్ (వేళ్లు తీసినా శబ్దాన్ని నిలిపి ఉంచేది) నొక్కాలి.

అలా నొక్కితే పాత కార్డు తెగాక కొత్తది వస్తుంది, మధ్యలో సందు పడుతుంది. వదలకుండా తొక్కి ఉంచితే రెండూ కలిసి బురద. చెయ్యి దిగేటప్పుడు కాలు లేవాలి, కార్డు మోగిన వెంటనే కాలు దిగాలి. చెయ్యీ కాలూ ఎదురెదురుగా కదలడం వారం రోజులు చిరాగ్గానే ఉంటుంది. అన్నట్టు, పెడల్ తిరగబడి పనిచేస్తోందంటే చెడిపోయిందని కంగారుపడకండి. పెడల్ తొక్కి ఉంచి కీబోర్డ్ ఆన్ చేస్తే చాలా మోడళ్లలో అలాగే జరుగుతుంది. ఆపి, కాలు తీసి మళ్లీ ఆన్ చేయండి.

అపోహ: ఇక 88 కీలది కొనాల్సిందే.

పైన చెప్పినవన్నీ 61 కీల మీద నిక్షేపంగా నేర్చుకోవచ్చు. కావాల్సింది మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికే కీలు. మీదానికి ఆ గుణం ఉండి కూడా మెనూలో టచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. ఏళ్ల తరబడి అలాగే వాయించినవాళ్లు ఇద్దరు నా దగ్గరికే వచ్చారు.