ఉప్పునీటి అక్వేరియంలో ఏ రాస్ చేప దేనితో ఇముడుతుంది: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు పట్టణాలలో ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంటున్నవారిలో రొయ్యల సాగుతోనో హేచరీలతోనో సంబంధం ఉన్నవారు తరచుగా కనిపిస్తారు. సెలినిటీ (నీటి ఉప్పదనం), అమ్మోనియా, పి.హెచ్. వారికి కొత్త విషయాలు కావు, కనుక నీటి విషయంలో వారి పొరపాట్లు తక్కువ. ఈ ట్యాంకులను ఏర్పాటు చేసి నిర్వహించే వృత్తిలో ఉన్న నేను చూస్తున్నంతవరకు, నష్టం ఎక్కువగా పొసగని చేపలను ఒకచోట చేర్చడంవల్లనే జరుగుతున్నది. రంగు చూసి ముచ్చటపడి కొనే రాస్ (wrasse) అనే సముద్రపు చేపల విషయంలో ఇది మరీ ఎక్కువ.

అపోహ: రాస్ చేపలన్నీ ఒకటే కనుక ఒకటి ఇమిడిన ట్యాంకులో ఏదైనా ఇముడుతుంది.

వాస్తవం: రాస్ చేపల కుటుంబంలో 500కు పైగా జాతులు ఉన్నాయి. వేలెడంత కూడా పెరగని పాసమ్ రాస్ ఈ కుటుంబంలోదే, రెండు మీటర్ల దాకా పెరిగే నెపోలియన్ రాస్ కూడా ఈ కుటుంబంలోదే. అందువల్ల రాస్ అనే పేరును పక్కన పెట్టి, ఆ చేప ఏ ప్రజాతికి (జీనస్‌కు) చెందినదో, అది ట్యాంకులో ఎక్కడ మేత వెతుక్కుంటుందో, రాత్రి ఎక్కడ నిద్రిస్తుందో ముందుగా తెలుసుకోవాలి. సిర్హిలాబ్రస్ ప్రజాతికి చెందిన ఫెయిరీ రాస్‌లు, పారాకీలినస్ ప్రజాతికి చెందిన ఫ్లాషర్ రాస్‌లు నీటి మధ్యలో ఈదుతూ కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను తింటాయి, రాత్రిపూట రాళ్ల సందులలో జిగురుపొర అల్లుకొని నిద్రిస్తాయి. హాలికోరీస్ రాస్‌లు ఇసుకలోనూ రాళ్లమీదా పురుగులను, చిన్న నత్తలను వెతుక్కుంటూ తిరిగి, చీకటి పడగానే ఇసుకలో దూరిపోతాయి. మేత వెతికే చోటు, నిద్రించే చోటు వేరువేరుగా ఉన్న చేపల మధ్య తగవులు తక్కువ కనుక, నాలుగడుగుల ట్యాంకులో ఫెయిరీ రాస్‌తో పాటు ఒక హాలికోరీస్‌ను పెట్టడానికి నేను వెనుకాడను. థాలసోమా ప్రజాతిలోని మూన్ రాస్ వంటి వాటిని ఆ ట్యాంకులోకి చేర్చడానికి మాత్రం ఒప్పుకోను. అవి వేగంగా, బలంగా ఉండే వేట చేపలు.

అపోహ: చిన్న ట్యాంకుకు చిన్న చేప చాలు కనుక సిక్స్‌లైన్ రాస్ నిరపాయకరం.

వాస్తవం: సిక్స్‌లైన్ రాస్ పది సెంటీమీటర్ల లోపే ఉంటుంది, కానీ ట్యాంకులోని ప్రతి సందునూ తన సొంతం చేసుకుంటుంది. అది కుదురుకున్న తరువాత తెచ్చిన చేపను, అందులోనూ తన వంటి ఆకారం ఉన్న మరో రాస్‌ను, మూలకు తరిమి మేతకు రానివ్వకుండా చేస్తుంది. అది పెద్ద చేపలున్న ట్యాంకులో చివరగా చేర్చవలసిన చేప. వంద లీటర్ల ట్యాంకులో అయితే అదొక్కటే రాస్‌గా ఉండాలి. చిన్న ట్యాంకులో నెమ్మదైన రాస్ కావాలనుకునేవారికి పాసమ్ రాస్ ఎంతో మేలైనది.

దీనికి ఎదురుగా మరో అపోహ ఉన్నది: ట్యాంకు ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుందట. ఎర్రని ఒంటిమీద నల్లని అంచుగల తెల్లని మచ్చలతో, అంగుళమున్నర పిల్లగా అమ్ముడయ్యే కోరిస్ గైమార్డ్ 40 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. దాని బంధువైన, హిందూ మహాసముద్రంలో ఉండే కోరిస్ ఫార్మోసా 60 సెంటీమీటర్లకు చేరుతుంది. పెరిగే కొద్దీ ఇవి రాళ్లను తిరగేస్తాయి, నత్తలను, అలంకార రొయ్యలను తినేస్తాయి. అంగళ్లలో ఎల్లో కోరిస్ పేరుతో దొరికే పసుపు చేప మాత్రం నిజానికి హాలికోరీస్ క్రైసస్. అది సుమారు 12 సెంటీమీటర్లకు మించదు, ఇంటి ట్యాంకుకు దొరికే సౌమ్యమైన రాస్‌లలో ఒకటి. కనుక శాస్త్రీయ నామం అడిగి తెలుసుకోకుండా డబ్బు ఇవ్వవద్దు.

అపోహ: ఒకే రకం చేపలు రెండు కొంటే అవే జంట కడతాయి.

వాస్తవం: అవి రెండూ ఆడవైతే ఆ అవకాశం ఉన్నది, రెండూ మగవైతే ఒకటి చచ్చే వరకు పోరు ఆగదు. రాస్ చేపలలో అత్యధికం ఆడగా మొదలై, అవసరాన్నిబట్టి మగగా మారుతాయి. ఆస్ట్రేలియాలోని హెరాన్ ద్వీపం దగ్గర, ఇతర చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తినే క్లీనర్ రాస్‌లను గమనించిన రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త, గుంపులోని మగచేపను తొలగించిన సుమారు రెండు గంటలలోనే అన్నిటికన్నా పెద్దదైన ఆడచేప మగచేప వలె మిగిలినవాటిపై పెత్తనం మొదలుపెట్టిందనీ, రెండు వారాలు దాటేసరికి వీర్యం విడుదల చేయగలిగిందనీ 1972లో ప్రచురించారు. ఇంటి ట్యాంకులో దీనిని ఉపయోగించుకోవచ్చు. ఒకే జాతికి చెందిన, పరిమాణంలో తేడా ఉన్న రెండు మూడు ఆడచేపలను ఒకేసారి వదిలితే పెద్దది క్రమంగా మగదవుతుంది. హాలికోరీస్‌లలో ఒకటైన మెలనూరస్ రాస్‌లో ఆడచేపను వీపు రెక్క మధ్యలో ఉండే నల్లని కంటిమచ్చతో గుర్తుపట్టవచ్చు. అయితే పూర్తిగా మగవిగా మారిన రెండు చేపలను కలిపి, వాటిలో ఒకటి లొంగి ఆడదవుతుందని ఆశించరాదు.

ఫెయిరీ రాస్‌లలో వేరువేరు జాతుల మగచేపలను ఒకే పెద్ద ట్యాంకులో ఉంచవచ్చు. అవి రెక్కలు విప్పుకొని ఒకదానికొకటి రంగులు ప్రదర్శించుకుంటాయే తప్ప సాధారణంగా కరుచుకోవు. పైగా ఒంటరిగా ఉంచిన మగచేపకు కాలక్రమంలో రంగు తగ్గుతుంది. రెండు జాతులూ చూడడానికి ఒకేలా ఉంటే మాత్రం అవి ఒకదానినొకటి సొంత జాతి పోటీదారుగానే భావిస్తాయి, అటువంటి జోడీని నేను సిఫారసు చేయను.

అపోహ: క్లీనర్ రాస్ ఉంటే వైట్ స్పాట్ రాదు.

వాస్తవం: మన ప్రాంతంలో ఈ మాట రెండు రకాల గందరగోళానికి దారితీస్తున్నది. రొయ్యల చెరువులను ఖాళీ చేసే వైట్ స్పాట్ ఒక వైరస్. అది రొయ్యలకు, పీతలకు సోకుతుంది, చేపలకు సోకదు. చేపల ఒంటిమీద ఉప్పు చల్లినట్లు కనిపించే తెల్లమచ్చలకు కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. అది చర్మం పైపొర కిందికి చొచ్చుకొని ఉంటుంది కనుక క్లీనర్ రాస్ దానిని ఏరి తినలేదు. మన్నారు సింధుశాఖ పగడపు దిబ్బలలోనూ కనిపించే ఈ చిన్న చేపకు, రోజంతా ఎన్నో పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవులే ఆహారం. నాలుగైదు చేపలున్న ఇంటి ట్యాంకులో అది క్రమంగా శుష్కించిపోతుంది, లేదా మిగిలిన చేపల జిగురును కొరుకుతూ వాటిని వేధిస్తుంది. దానిని కొనవద్దని అడిగినవారికల్లా చెబుతున్నాను.

రొయ్యల వైరస్‌తో మన ట్యాంకుకు సంబంధమే లేదని మాత్రం అనుకోకూడదు. చెరువు నుంచి తెచ్చిన పచ్చి రొయ్యను ముక్కలు చేసి మేతగా వేసినప్పుడు రాస్‌కు ప్రమాదం లేకపోయినా, అదే ట్యాంకులోని క్లీనర్ రొయ్యకు, పెప్పర్‌మింట్ రొయ్యకు అది సోకవచ్చు. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన వైరస్ చావదు. అలంకార రొయ్యలు ఉన్న ట్యాంకుకు నమ్మకమైన మైసిస్ (రొయ్యను పోలిన చిన్న జీవి) మేతే వాడండి. ట్యాంకు నీటిని చెరువులలోకి, కాలువలలోకి వదలవద్దు.

అపోహ: కొత్తగా తెచ్చిన చేప కనిపించడం లేదంటే చచ్చిపోయినట్లే.

వాస్తవం: లెపర్డ్ రాస్‌లు, హాలికోరీస్‌లు కొత్త ట్యాంకులో కొన్ని రోజులు ఇసుకలోనే ఉండిపోవడం మామూలే. దూరదేశం నుంచి వచ్చిన చేప తన పాత పగటివేళను అనుసరించి, మన రాత్రివేళ బయటికి వచ్చి తిరిగి దూరిపోవచ్చు. వెతకడానికి ఇసుకను తవ్వితే అది మరింత బెదిరిపోతుంది. కనీసం ఐదు సెంటీమీటర్ల లోతున సన్నని ఇసుక ఉండాలి. గరుకు పగడపు ముక్కలు ఒంటిని గీరుతాయి. కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకులో కూడా ఒక గాజు గిన్నెలో సిలికా ఇసుక పోసి పెట్టండి, ఎందుకంటే సున్నపు ఇసుక, పరాన్నజీవులను చంపడానికి అక్కడ వాడే రాగి మందును పీల్చుకొని మోతాదును తారుమారు చేస్తుంది. రాగి మందును లెపర్డ్ రాస్‌లు సరిగా తట్టుకోలేవు కనుక పరీక్షా కిట్ లేకుండా అది వాడడం తగదు.

లెపర్డ్ రాస్ పిరికిది, రోజంతా కొద్దికొద్దిగా తినేది. దానిని అందరికన్నా ముందుగా, రాళ్లమీద కోపీపాడ్‌లు (దానికి మేతయ్యే సూక్ష్మమైన నీటి జీవులు) బాగా పెరిగిన పాత ట్యాంకులోనే వదలాలి. దాని తరువాత ఫ్లాషర్‌లు, ఫెయిరీలు, ఆపై హాలికోరీస్‌లు రావాలి. కొత్త చేపను నేరుగా వదలకుండా, రంధ్రాలున్న పారదర్శకమైన పెట్టెలో ఉంచి అదే ట్యాంకులో కొన్ని రోజులు వేలాడదీస్తే, పాత చేపల కోపం ఎంత ఉందో ముందే తెలుస్తుంది. అవి ఆ పెట్టెను పొడుస్తూనే ఉంటే ఆ జోడీని విరమించుకోవాలి.

అపోహ: ట్యాంకులో నీటిమట్టం తగ్గించి ఉంచితే మూత అక్కరలేదు.

వాస్తవం: రాస్ చేపలన్నీ ఎగురుతాయి, ఫెయిరీ, ఫ్లాషర్ రాస్‌లు మరీ ఎక్కువగా ఎగురుతాయి. తరిమే చేప లేకపోయినా, వేసవి రాత్రులలోనో తుఫాను వేళలోనో కరెంటు పోయి ఒక్కసారిగా చీకటి పడితే అవి బెదిరి పైకి దూకుతాయి. ఆక్సిజన్ లోపలికి వెళ్లేందుకు, మన ఎండలకు వేడి బయటికి పోయేందుకు గాజు మూతకన్నా వల మూత మంచిది. కన్ను ఆరు మిల్లీమీటర్లకు మించని వలను చట్రానికి బిగించి, పైపులు, వైర్లు దిగే మూలలను కూడా పూర్తిగా మూయండి. గదిలో ఒక చిన్న దీపాన్ని ఇన్వర్టరుకు కలిపి ఉంచండి.