సెమినరీలో సైకాలజీ పరీక్ష ఎక్కడి నుంచి వచ్చింది?

క్యాథలిక్ గురువు కావాలని సెమినరీలో, అంటే గురువులకు శిక్షణ ఇచ్చే విద్యాలయంలో, చేరబోయే కుర్రాణ్ని సైకాలజిస్టుకు చూపించవచ్చా? అవసరమైతే చూపించవచ్చని, అయితే ఆ కుర్రాడు విషయమంతా తెలుసుకుని ఇష్టపడి ఒప్పుకోవాలని 2008లో వాటికన్ మార్గదర్శకాలిచ్చింది. ఇక్కడిదాకా రావడానికి చర్చికి చాలా కాలమే పట్టింది. ఆ దారి వేసినవాళ్లలో ముఖ్యుడు గురువూ డాక్టరూ అయిన అమెరికన్ థామస్ వెర్నర్ మూర్.

మూర్ కంటే ముందు ఆయనకు సైకాలజీ నేర్పినాయన సంగతి చెప్పాలి. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ సైకాలజీ ప్రయోగశాల పెట్టాడు. ఆ ఏడాదే పోప్ 13వ లియో, క్యాథలిక్ తత్వవిద్యకు మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాసే పునాది కావాలని లేఖ రాశారు. ఈ రెండింటికీ పొసగదని ఎవరైనా అనుకుంటారు. కానీ అక్వినాస్ లెక్కలో ఆత్మ, శరీరం కలిస్తేనే మనిషి. అలాంటప్పుడు చూపునూ స్పర్శనూ పరికరాలతో కొలిస్తే మతానికి వచ్చే నష్టమేమీ లేదు. ఎడ్వర్డ్ పేస్ అనే అమెరికన్ గురువు అదే ధైర్యంతో వుంట్ దగ్గరే చదివి, 1891లో డాక్టరేట్ తెచ్చుకుని, వాషింగ్టన్‌లోని క్యాథలిక్ యూనివర్సిటీలో ల్యాబ్ తెరిచాడు.

మూర్ ఆయన శిష్యుడు. 1877లో కెంటకీలో పుట్టాడు, 1901లో గురుపట్టం పొందాడు, 1903లో పేస్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. తర్వాత తనూ లైప్‌జిగ్ వెళ్లాడు. అయితే ల్యాబ్‌తో సరిపెట్టుకోలేదు. మనసు చెదిరినవాళ్లకు వైద్యం చేయాలంటే డాక్టరు కావాలనుకుని ముప్పై దాటాక మెడిసిన్‌లో చేరాడు. 1915లో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎండీ పూర్తి చేసి, మరుసటి ఏడాదే వాషింగ్టన్ ప్రావిడెన్స్ ఆస్పత్రిలో మానసిక రోగులకు క్లినిక్ పెట్టాడు. ‘కాగ్నిటివ్ సైకాలజీ’ పేరుతో 1939లోనే పాఠ్యపుస్తకం రాశాడు. అదే పేరుతో 1967లో అల్రిక్ నైసర్ రాసిన పుస్తకమే ఇప్పుడు అందరికీ గుర్తు. ఇది అన్యాయమే అనిపిస్తుంది నాకు.

సెమినరీ పరీక్షలకు అసలు మూలం 1936లో ఆయన అచ్చువేసిన ఒక సర్వే. ఆస్పత్రుల నుంచి లెక్కలు తెప్పించి, గురువుల్లో, కన్యస్త్రీల్లో మతిభ్రమణం ఎంతుందో చూశాడు. మొత్తంమీద బయటి జనంలో కంటే తక్కువే. కానీ గడప దాటని మఠాల్లోని కన్యస్త్రీల్లో మాత్రం ఎక్కువ. తప్పు మఠానిది కాదని, మనసు అప్పటికే బలహీనంగా ఉన్నవాళ్లు ఏకాంతం కోసం మఠానికి వస్తున్నారని ఆయన తేల్చాడు. అలాంటప్పుడు చేర్చుకునే ముందే పరీక్షించాలి కదా! ఆ తర్వాత జెస్యూట్ అనే క్యాథలిక్ సభకు చెందిన గురువు విలియం బియర్ ఎంఎంపీఐ అనే వ్యక్తిత్వ పరీక్షను సెమినరీ విద్యార్థులకు తగినట్టు మార్చాడు.

అందరూ ఒప్పుకున్నారని కాదు. మూర్ ఉన్న యూనివర్సిటీలోనే తత్వశాస్త్రం చెప్పే ఫుల్టన్ షీన్, 1947లో న్యూయార్క్ సెయింట్ పాట్రిక్ కతీడ్రల్లో, ఫ్రాయిడ్ మొదలుపెట్టిన సైకోఅనాలిసిస్ అనే మానసిక చికిత్సను ఏకిపారేశాడు. చేసిన పాపాలు గురువుకు చెప్పుకునే పాపసంకీర్తనం ఉండగా అదెందుకన్న ధోరణి ఆయనది. క్యాథలిక్ సైకియాట్రిస్టులే కొందరు షీన్‌కు ఎదురుతిరిగారు. 1953లో పోప్ 12వ పయస్ మానసిక చికిత్సకుల మహాసభలో మాట్లాడుతూ, హద్దులు పెడుతూనే, ఆ వైద్యానికి చోటిచ్చాక వేడి కొంత చల్లారింది.

అప్పటికే మూర్ ఈ గొడవకు దూరమయ్యాడు. 1947లోనే, డెబ్బైకి చేరువలో, స్పెయిన్‌లోని బుర్గోస్ దగ్గర మిరాఫ్లోరెస్‌లో, ఏకాంతంగా బతికే కార్తూసియన్ సన్యాసుల మఠంలో చేరాడు. అక్కడ ఎవరి గది వారిది, ఎవరి చిన్న తోట వారిది. భోజనం గోడలోని చిన్న కిటికీ గుండా వస్తుంది. అర్ధరాత్రి లేచి ప్రార్థన చేయాలి. ఏకాంతం కోసం వచ్చేవాళ్ల మనసును ముందే చూడమన్న మనిషి ఎంచుకున్న చోటు అది. మధ్యలో అమెరికాలో తొలి కార్తూసియన్ మఠం పెట్టడానికి వెర్మాంట్ వెళ్లొచ్చి, 1969లో స్పెయిన్‌లోనే కన్నుమూశాడు.

2008 మార్గదర్శకాల్లో ఇంకో నిబంధన ఉంది. సెమినరీలో శిక్షణ ఇచ్చేవారు, ఆధ్యాత్మిక మార్గదర్శి తామే సైకాలజీ పద్ధతులు ప్రయోగించకూడదు. ఆ పని నిపుణులది. గురువూ డాక్టరూ ఒక్కరే అయిన మూర్‌కు ఇది నచ్చేదో లేదో కానీ, ఆ రెండు పనుల మధ్య గీత గీయాలన్న పట్టుదల మాత్రం షీన్ వర్గం నుంచి వచ్చింది కాదు. ఎదుటి మనిషి రహస్యాన్ని కాపాడాలన్న క్లినిక్ నియమం నుంచి వచ్చిందనే నా అభిప్రాయం.