పిన్‌బాల్ పోటీలకి విమానమెక్కే వాళ్ళ గురించి అపోహలు, అసలు సంగతులు

బెంగళూరులో ఉంటూ పిన్‌బాల్ (అద్దం కింద వాలు పలక మీద ఉక్కు బంతిని కిందికి జారిపోనివ్వకుండా కొడుతూ పాయింట్లు తెచ్చుకునే మెషిన్ ఆట) టోర్నమెంట్ల కోసం అమెరికా, యూరప్ వెళ్ళొస్తుంటానంటే మొదటి ప్రశ్న "దానికి కూడా పోటీలుంటాయా?" అని, రెండోది "డబ్బులు బాగా వస్తాయా?" అని. మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నుంచి అనంతపురంలో మా పెద్దమ్మ దాకా అందరూ ఇవే అడుగుతారు. పెద్దమ్మ అయితే ఇంకో మెట్టు పైకెళ్ళి "ఏమే, గోలీలాడేదానికి అంత దూరం పోవాల్నా? మన ఈదిలో పిల్లోళ్ళు లేరా?" అంది. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా, అందుకే రాస్తున్నా.

అపోహ: అదంతా అదృష్టం, ఓ రకం జూదం

ఒకప్పుడు న్యూయార్క్ నగరమే ఇలా అనుకుంది. 1942లో మేయర్ లాగార్డియా పిన్‌బాల్‌ని జూదమని నిషేధించి, పట్టుబడిన మెషిన్లని సుత్తులతో పగలగొట్టించాడు. నిజం చెప్పాలంటే ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేం. అప్పటి మెషిన్లకి ఫ్లిప్పర్లే (బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే చిన్న రెక్కలు) లేవు, ప్లంజర్ (బంతిని పైకి పంపే స్ప్రింగు కడ్డీ) లాగి వదిలాక మెషిన్ని కాస్త అటూ ఇటూ తొయ్యడం తప్ప ఆడేవాడి చేతిలో ఏమీ ఉండేది కాదు. ఫ్లిప్పర్లు 1947లో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ మెషిన్‌తో వచ్చాయి, కానీ నిషేధం మాత్రం 1976 దాకా కదల్లేదు. ఆ ఏడాది రోజర్ షార్ప్ అనే యువ పాత్రికేయుడు నగర కౌన్సిల్ వాళ్ళ ముందు మెషిన్ పెట్టి ఆడాడు, బంతి పైనున్న ఫలానా సందులోంచి దిగుతుందని ముందే చెప్పి ప్లంజర్ లాగాడు, అది సరిగ్గా అందులోంచే దిగింది. నిషేధం ఎత్తేశారు. అందులో అదృష్టం పాలు కూడా ఉందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడనుకోండి, అది వేరే సంగతి. ఇవాళ ప్రపంచ ర్యాంకింగులు లెక్కగట్టే ఐఎఫ్‌పీఏ సంస్థని నడిపేది ఆయన కొడుకు జాష్ షార్ప్.

ఒక్క బంతి విషయంలో అదృష్టం ఉంటుంది, కాదనను. ఎంత గొప్ప ఆటగాడికైనా బంతి రెండు ఫ్లిప్పర్ల మధ్యలోంచి నిట్టనిలువునా దిగిపోతే చేసేదేమీ లేదు. అందుకే పోటీల్లో ఒక మెషిన్ మీద ఒక ఆటతో తేల్చెయ్యరు, చాలా మెషిన్ల మీద చాలా రౌండ్లు ఆడిస్తారు. కీత్ ఎల్విన్ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ గెలిచారంటే అది లాటరీ తగిలినట్టు మాత్రం కాదు.

అపోహ: విండోస్‌లో ఆడాం కదా, అదే ఇది

విండోస్ ఎక్స్‌పీలో స్పేస్ కేడెట్ ఆడని వాళ్ళు మా ఆఫీసులో ఒక్కరూ లేరు, ఆ పాత స్కోర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచి ఆటే. కానీ అసలు మెషిన్‌లో దాదాపు 80 గ్రాముల ఉక్కు బంతి ఉంటుంది, చెక్క పలక మీద, ఆరున్నర డిగ్రీల వాలులో, మనవైపే దొర్లుకుంటూ వస్తుంది. చేతికి తెలిసే బరువు అది. కీబోర్డు మీద ఆడే అలవాటున్న వాళ్ళు అసలు మెషిన్ దగ్గర ఒకటే చేస్తారు: బంతి కనపడగానే రెండు బటన్లూ ఒకేసారి టపటపా కొట్టేస్తారు. ఆట వచ్చినవాడు ఫ్లిప్పర్ ఎత్తిపెట్టి బంతిని దాని ఒళ్ళో ఆపి, ఊపిరి పీల్చుకుని, ఎటు కొట్టాలో చూసుకుని అప్పుడు కొడతాడు. కొన్నిసార్లు అసలు ఫ్లిప్పరే ఎత్తడు. బంతి ఊరికే పడున్న ఫ్లిప్పర్‌కి తగిలి, ఎగిరి అవతలి ఫ్లిప్పర్ మీదకి వెళ్ళేదాకా చేతులు కట్టుకున్నట్టు నిలబడతాడు. దీన్ని డెడ్ బౌన్స్ అంటారు. చూడ్డానికి ఏమీ చెయ్యనట్టే ఉంటుంది, ఆ ఏమీ చెయ్యకపోవడం అలవాటయ్యేసరికే ఏళ్ళు పడుతుంది.

అపోహ: మెషిన్ని కుదిపితే మోసం

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది దీనికే. కుదపడం ఆటలో భాగం. హద్దు ఎక్కడో చెప్పడానికి మెషిన్‌లోనే ఏర్పాటుంది. నాణేలు వేసే తలుపు తీస్తే లోపల ఎడమ పక్కన సన్నటి కడ్డీకి ఒక చిన్న బరువు వేలాడుతుంటుంది, దాని చుట్టూ లోహపు రింగు. మెషిన్ ఊగితే ఆ బరువు ఊగుతుంది, ఊగి రింగుకి తగిలితే హెచ్చరిక వస్తుంది. ఈమధ్య మెషిన్లలో మామూలుగా రెండు హెచ్చరికలు ఇచ్చి మూడోసారి టిల్ట్ చేస్తాయి. ఫ్లిప్పర్లు చచ్చుబడిపోతాయి, బంతి పోతుంది, ఆ బంతికి రావాల్సిన బోనస్ కూడా పోతుంది. పాత మెషిన్లకి హెచ్చరికలూ గిచ్చరికలూ లేవు, తగిలిందా అంతే.

కొత్తవాళ్ళకి తెలియనిదేంటంటే, మనం ఒకసారి తోసి ఆపేసినా లోపలి బరువు ఇంకా ఊగుతూనే ఉంటుంది. అది ఊగుతుండగా రెండోసారి తోస్తే రెండూ కలిసి పెద్ద ఊపవుతుంది, చిన్నగానే తోశాను కదా టిల్ట్ ఎందుకయిందని జుట్టు పీక్కోవడం ఇక్కడే. హెచ్చరిక వచ్చాక వీలైతే బంతిని ఫ్లిప్పర్ మీద ఆపి, నాలుగు క్షణాలు ఊరుకోవాలి. బరువుని కడ్డీ మీద ఎంత ఎత్తులో బిగించారన్నది మెషిన్ మెషిన్‌కీ మారుతుంది కాబట్టి ఒకదాని మీద నేర్చుకున్న కొలత ఇంకోదానికి పనికిరాదు.

అయితే అన్నీ చెల్లవు. జారిపోయిన బంతిని మెషిన్ని గట్టిగా కుదిపి మళ్ళీ ఆటలోకి రప్పించే డెత్ సేవ్ లాంటి విద్యలు చాలా పోటీల్లో నిషేధం. ఇంకొకరి వంతు మీరు ఆడేశారో, ఆ ఆటలో మీ పని అయిపోయినట్టే. అందుకే బటన్ ముట్టుకునే ముందు ఎన్నో ప్లేయర్ నంబరు వెలుగుతోందో చూడండి. నలుగురు ఆడే ఆటలో ఇది అనుకున్నదానికన్నా ఎక్కువే జరుగుతుంది.

అపోహ: ఇంట్లో మెషిన్ ఉన్నవాడిదే రాజ్యం

బెంగళూరు మాల్స్‌లో టికెట్లు రాలే మెషిన్లూ, కార్ రేసులూ దొరుకుతాయి గానీ మంచి కండిషన్‌లో ఉన్న పిన్‌బాల్ దొరకడం గగనం. కాబట్టి ముందు ఒకటి తెప్పించుకోవాలేమో అని అడుగుతుంటారు. వంద కిలోలు దాటే పెట్టె, ఓడ ఖర్చు, కస్టమ్స్, అమెరికా 120 వోల్టుల మెషిన్‌ని మన 230కి మార్చడం, ఒక కాయిల్ కాలిపోతే విడిభాగం కోసం నెలల తరబడి ఎదురుచూడటం... సరదా ఉంటే తెప్పించుకోండి, కానీ పోటీలు గెలవాలని మాత్రం వద్దు.

ఎందుకంటే పోటీలో మీ మెషిన్ ఉండదు. అదే పేరున్నది ఉన్నా అది మీది కాదు. ఆడమ్స్ ఫ్యామిలీ మెషిన్‌నే తీసుకోండి, 1992లో వచ్చి 20 వేలకి పైగా అమ్ముడైంది, అందరికీ కంఠతా వచ్చు. అయినా ఒక ఊళ్ళో దాని వెనక కాళ్ళు పైకి లేపి వాలు పెంచి ఉంచుతారు, ఇంకో ఊళ్ళో ఔట్‌లేన్ (పక్క నుంచి బంతి జారి బయటికి పోయే సందు) దగ్గరి రబ్బరు తీసేసి ఉంచుతారు, మూడో చోట కుడి ఫ్లిప్పర్ కాస్త నీరసం. ఇంట్లో వందలసార్లు కొట్టిన షాట్ ఇక్కడ వెంట్రుకవాసి ముందుగా కొట్టాలి. సొంత మెషిన్ మీద మాత్రమే ఆడేవాళ్ళు "ఈ మెషిన్ బాలేదు" అని విసుక్కుంటూ బయటికొస్తారు. పది ఊళ్ళు తిరిగినవాళ్ళు మొదటి బంతితోనే మెషిన్ సంగతి కనిపెట్టేస్తారు. అందుకే నా లెక్కలో ప్రయాణం అనేది ప్రాక్టీసు అయ్యాక చేసేది కాదు, ప్రాక్టీసంటేనే అది.

మొదటి బంతితో ఏం కనిపెట్టాలంటారా? నేనైతే ముందు ఆడేవాళ్ళ బంతులు ఎటు పోతున్నాయో నిలబడి చూస్తా. ఎడమ ఔట్‌లేన్‌లోకే వరసగా పోతుంటే అటువైపు వెళ్ళే షాట్ల జోలికి పోను. నా వంతు రాగానే డెడ్ బౌన్స్ పనిచేస్తోందా, రబ్బరు బాగా ఎగరేస్తోందా చూస్తా. అద్దం కింద మూలనుండే రూల్ కార్డు చదువుతా, సిగ్గేమీ లేదు. యూట్యూబ్‌లో చూసి బట్టీపట్టిన కోట్ల పాయింట్ల వ్యూహం 1970ల నాటి ఎలక్ట్రోమెకానికల్ (కంప్యూటర్ చిప్పులు లేకుండా రిలేలు, మోటార్లతో నడిచే) మెషిన్ ముందు దేనికీ అక్కరకు రాదు, అక్కడ ఒక టార్గెట్‌ని ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ కొట్టినవాడిదే గెలుపు.

అపోహ: ఛాంపియన్లకి తప్ప ఎంట్రీ ఉండదు, అదీ మగవాళ్ళకే

ప్రపంచ ఛాంపియన్‌షిప్ లాంటి కొన్నిటికి ర్యాంకు ఉండాలి. మిగతావాటిలో చాలావరకు ఫీజు కట్టి పేరు రాయించుకున్న ఎవరైనా ఆడొచ్చు, పక్కన నిలబడేది ప్రపంచ మొదటి పదిమందిలో ఒకరు కావచ్చు. వయసు అడ్డం కాదు, 2017లో పాపా (అమెరికాలోని ఓ పిన్‌బాల్ సంఘం) ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన ఎషర్ లెఫ్‌కాఫ్‌కి అప్పటికి 13 ఏళ్ళు. ఆడవాళ్ళకి ఐఎఫ్‌పీఏ విడిగా ర్యాంకింగు, విడిగా ప్రపంచ పోటీ పెట్టింది, ఓపెన్ పోటీల్లోనూ ఆడొచ్చు. నేను రెండూ ఆడతా. మా ఆయన తోడొస్తే బ్యాగు కాపలాకి పనికొస్తాడు.

అపోహ: ప్రైజ్ మనీతో టికెట్ డబ్బులు వచ్చేస్తాయి

రావు.

అపోహ: పిన్‌బాల్ అని చెప్తే వీసా ఇవ్వరు

దాచిపెట్టి సైట్‌సీయింగ్ అని చెప్పమని సలహా ఇచ్చేవాళ్ళు బోలెడుమంది. ఆ పని చెయ్యకండి. చెన్నైలో జెమినీ ఫ్లైఓవర్ పక్కన అమెరికా కాన్సులేట్‌లో నేను ఉన్నదున్నట్టే చెప్పా: పిన్‌బాల్ పోటీ, అభిరుచి కోసం, ఖర్చు నాదే, ఫలానా తేదీకి తిరిగి ఆఫీసులో ఉండాలి. కిటికీ అవతలి ఆఫీసర్ నవ్వి, ఏ మెషిన్ ఇష్టమని అడిగాడు. అందరికీ అలాగే జరుగుతుందని కాదు, వీసా ఇవ్వడం మానడం వాళ్ళ చేతిలో పని. కానీ పోటీ రిజిస్ట్రేషన్, సెలవు లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకదానితో ఒకటి సరిపోలితే టెన్షన్ సగం తగ్గుతుంది. యూరప్‌లో చాలా దేశాల పోటీలకి షెంజెన్ వీసా చాలు, ఒక్క వీసా మీద రెండు మూడు దేశాల పోటీలు కలిపి పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

అపోహ: కన్వెన్షన్‌కి వెళ్తే టోర్నమెంటు, ప్రదర్శన రెండూ చూసెయ్యొచ్చు

కాగితం మీద చూస్తే అలాగే ఉంటుంది. షికాగో దగ్గర 1985 నుంచి జరుగుతున్న పిన్‌బాల్ ఎక్స్‌పో గానీ, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో జరిగే టెక్సస్ పిన్‌బాల్ ఫెస్టివల్ గానీ తీసుకోండి. పాస్ కొంటే హాల్లో ఉన్న మెషిన్లు నాణెం వెయ్యకుండా ఎంతసేపైనా ఆడుకోవచ్చు. వాటిలో చాలావరకు మామూలు జనం ఇళ్ళనుంచి ట్రక్కుల్లో వేసుకొచ్చినవే. మెషిన్లు డిజైన్ చేసినవాళ్ళు వచ్చి కబుర్లు చెప్తారు, ఒక పక్క రబ్బర్లు, బల్బులు, పాత కాయిల్స్ అమ్ముతుంటారు.

కానీ టోర్నమెంటులో పేరిచ్చారంటే ఇవేవీ మీకు దక్కవు. క్వాలిఫయింగ్‌లో చాలాచోట్ల ఒక్కో ఎంట్రీకీ డబ్బు కట్టి, మెషిన్ దగ్గర క్యూలో నిలబడి ఆడాలి, స్కోరు బాలేకపోతే మళ్ళీ డబ్బు, మళ్ళీ క్యూ. రోజంతా అందులోనే గడిచిపోతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఏదో ఒకటి ఎంచుకోండి, నన్నడిగితే ప్రదర్శనే. పోటీయే కావాలంటే మూడు రోజులు ముందుగా దిగండి. అక్టోబరులో షికాగోలో మధ్యాహ్నం మూడంటే మన బెంగళూరులో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర, కళ్ళు తెరిచే ఉంటాయి గానీ చేతులు అప్పటికే నిద్రపోతాయి. హాల్లో రొద మామూలుగా ఉండదు, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు పట్టుకెళ్ళండి. గంటల తరబడి గచ్చు మీద నిలబడాలి కాబట్టి మెత్తటి బూట్లు వేసుకోండి. క్యూలో పేరిచ్చాక కాఫీ కోసం కూడా దూరం పోవద్దు, పిలిచినప్పుడు లేకపోతే పేరు కొట్టేసి తర్వాతి వాళ్ళని పిలుస్తారు.