గొంతుకు అందే అక్షరం

నల్గొండలో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న, చూపు లేని ఒక యువకుడు కిందటి ఏడాది తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సార్, పేజీ అయితే తెరుసుకుంది గని ఏం చదువుతలేదు, జర చూడుండ్రి" అన్నాడు. తెర మీద నాలుగు పుటల ఉద్యోగ ప్రకటన స్పష్టంగానే కనిపిస్తోంది. అతని ఫోన్‌లోని టాక్‌బ్యాక్ (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) మాత్రం ఏ పుట మీద వేలు పెట్టినా "చిత్రం" అని ఒక్క మాట పలికి ఆగిపోతోంది. ఎవరో ఆ ప్రకటనను కాగితం మీద ముద్రించి, సంతకం చేయించి, స్కాన్ తీసి, ఆ ఫొటోలనే వెబ్‌సైట్‌లో ఉంచారు. మనకు అక్షరాలుగా తోచే ఆ గీతలు ఫోన్‌కు నలుపు తెలుపు చుక్కల బొమ్మ మాత్రమే.

తెలుగు చదివే గొంతులకు ఈ రోజు కొరత లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ వారి తెలుగు గొంతు ఉచితంగా దొరుకుతోంది. కంప్యూటర్‌లో అయితే, చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు మైకేల్ కరన్, జేమ్స్ టే రూపొందించిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉంది; 2006లో మొదలైన ఆ ఉచిత సాఫ్ట్‌వేర్, ఈస్పీక్ అనే చిన్న ప్రోగ్రాం సాయంతో తెలుగును కూడా చదువుతుంది. ఈస్పీక్ గొంతు మరమనిషి మాటలా ఉంటుందని కొత్తగా విన్నవారు ముఖం చిట్లిస్తారు గానీ, ఎంత వేగం పెంచినా మాట చెదరదు కాబట్టి అలవాటైనవారు దానినే కోరుకుంటారు. నా పక్కన కూర్చున్న ఆ యువకుడు వినే వేగానికి నాకు పది మాటల్లో ఒక్కటీ అందలేదు. గొంతు సిద్ధంగా ఉన్నా, దానికి అందేలా మనం అక్షరాలను పెట్టడం లేదన్నదే నా బాధ.

గొంతు పలికే ముందు యంత్రం చేసే పని చాలా ఉంది. మొదట అంకెలను, పొడి అక్షరాలను పూర్తి మాటలుగా విప్పుకోవాలి. 1948 అన్నది సంవత్సరమైతే మనం "పంతొమ్మిది వందల నలభై ఎనిమిది" అంటాం, రూపాయలైతే "వెయ్యి తొమ్మిది వందల నలభై ఎనిమిది" అంటాం, ఫోన్ నంబరులో భాగమైతే ఒక్కో అంకెను విడిగా చెబుతాం. ఆ తరువాత ప్రతి అక్షరానికీ ధ్వనిని ఎంచుకోవాలి. తెలుగు రాసినట్టే పలుకుతామని అంటాం గానీ, జొన్నలోని జకారం, జలంలోని జకారం ఒకటి కావని పాలమూరులో జొన్నరొట్టె తిన్న ఎవరినడిగినా చెబుతారు. చివరగా ఎక్కడ ఆగాలో, ఎక్కడ స్వరం పెంచాలో నిర్ణయించి ధ్వని తరంగాన్ని తయారు చేయాలి. ఈ చివరి దశలో, రికార్డు చేసిన ముక్కలను అతికించే పాత పద్ధతి పోయి, ఎన్నో మాటలు విని నేర్చుకునే కంప్యూటర్ నమూనాలైన నాడీ జాలాలు తరంగాన్ని నేరుగా అల్లడం 2016లో వచ్చిన వేవ్‌నెట్ అనే నమూనా తరువాత ఊపందుకుంది.

అంకెల సంగతి చిన్నదేమీ కాదు. మన భూమి రికార్డులైన పహాణీలలో విస్తీర్ణం 2-15 అని ఉంటే అది రెండెకరాల పదిహేను గుంటలు. ఎకరానికి 40 గుంటలన్న లెక్క యంత్రానికి తెలియదు కనుక, చుక్క పెట్టి 2.15 అని రాస్తే "రెండు పాయింట్ ఒకటి ఐదు" అని చదువుతుంది. దశాంశంగా లెక్కిస్తే ఆ పాయింట్ ఒకటి ఐదు ఆరు గుంటలే అవుతుంది. అంటే విన్న రైతుకు తొమ్మిది గుంటల భూమి తక్కువైనట్టే. సర్వే నంబరు 145/అ, 145/ఆ అని ఉన్నచోట రెండు వేర్వేరు కమతాలకు మధ్య వినిపించే తేడా ఒక్క దీర్ఘం మాత్రమే. "2 ఎకరాల 15 గుంటలు" అని పూర్తిగా రాస్తే ఏ గొంతైనా తప్పు లేకుండా చదువుతుంది, చూసి చదివేవారికీ మేలే.

అక్షరాలు ఫొటోలు కానప్పుడు కూడా చిక్కు తప్పదు. ముద్రణాలయాల్లో ఏళ్ల తరబడి వాడిన అను వంటి పాత ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ, దాని వెనుక నిల్వ ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల సంకేతాలే. స్క్రీన్ రీడర్ ఆ వెనుకనున్నదాన్నే చదువుతుంది కాబట్టి అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వరుసగా వినిపిస్తాయి. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలు ఇచ్చే యూనికోడ్, 1991 నాటి తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించి, క అంటే ఏ ఫాంట్‌లోనైనా క అయ్యేలా చేసింది. ఇన్నేళ్ల తరువాత కూడా పాత ఫాంట్‌లో ఫైలు పంపడం అలవాటు అనుకోవచ్చు గానీ, సమర్థించుకోదగినది కాదు. యూనికోడ్‌లో రాశాక పేజీ కోడ్‌లో భాష తెలుగు అని ఒక చిన్న గుర్తు కూడా ఇవ్వాలి. అది ఇంగ్లీషు అని ఉండిపోతే కొన్ని ఇంగ్లీషు గొంతులు తెలుగు అక్షరాలను అసలు పలకకుండా దాటేస్తాయి.

ఈ మధ్య చాలా వెబ్‌సైట్లు "వినండి" అనే బటన్ పెడుతున్నాయి. ఇది ముఖ్యంగా చూపు ఉండీ చదవలేని వారికి పనికొస్తుంది. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం, దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ మాట్లాడుకుంటూ, తెలుగు వింటే అర్థం చేసుకునే పెద్దలు ఎందరో ఉన్నారు. చదువుతున్న వాక్యం వెలుగుతూ ముందుకు సాగితే వారికి అక్షరం మీద చూపు కుదురుతుంది కూడా. కానీ బ్రౌజర్‌తో చదివించే బటన్ సాధారణంగా ఫోన్‌లో ఉన్న గొంతు మీదే ఆధారపడుతుంది. తెలుగు గొంతు లేని ఫోన్‌లో అది మౌనంగా ఉండిపోవచ్చు. పేజీ తెరవగానే తనంతట తానే చదవడం మొదలుపెడితే మరీ చేటు, స్క్రీన్ రీడర్ గొంతుతో కలిసి రెండు మాటలూ అర్థం కావు. మూడు సెకన్లకు మించి తానుగా మోగే ధ్వనిని ఆపే వీలు ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి.

వెబ్‌సైట్లను అందరికీ అందుబాటులో ఉంచడం దయ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ మాట చెప్పింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమని తీర్పునిచ్చింది.

ఆ సాయంత్రం నాలుగు పుటలనూ యూనికోడ్‌లో టైపు చేసి, ప్రతి విభాగానికీ హెడ్డింగ్ గుర్తు పెట్టి ఆ యువకునికి పంపాను. అతను హెడ్డింగ్ నుంచి హెడ్డింగ్‌కు వేలితో దూకుతూ, వయోపరిమితి దగ్గర ఆగి ఆ ఒక్క పేరాను రెండుసార్లు విని, "ఫారం నేనే నింపుకుంట సార్" అన్నాడు. పేరు, పుట్టిన తేదీ, చదువు అన్నీ తానే నింపాడు. చివర క్యాప్చా వచ్చింది, నింపేది మనిషేనా అని తేల్చుకునే, వంకర గీతల మధ్య ఆరు అక్షరాల బొమ్మ. దానికి వినిపించే ప్రత్యామ్నాయం ఏదీ పెట్టలేదు. ఆ ఆరు అక్షరాలూ నేను చదివి చెప్పాల్సి వచ్చింది.