ఓట్లు పెరిగి సీట్లు తగ్గిన ఏడాది

విజయవాడలో ఎన్నికల కబుర్లు మొదలైతే "ఓట్లు చీలకపోతే ఆయన గెలిచేవాడా?" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఆ ప్రశ్న ఇక్కడ తొలి ఎన్నికలంత పాతది.

1952లో అభ్యర్థికో పెట్టె, దాని మీద గుర్తు. చీటీ మీద ఏమీ రాయకుండా నచ్చిన పెట్టెలో వేసి రావడమే. రెండో ఇష్టం ఎవరో చెప్పే చోటే లేదు. కాంగ్రెస్, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం గారి పార్టీ ఎవరి దారిన వారు నిలబడ్డారు. అప్పటి మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కమ్యూనిస్టులు సుమారు 22 శాతం ఓట్లతో 41 గెలిచారు. కృష్ణా, గుంటూరు వాళ్ల కంచుకోటలు.

1955 మధ్యంతరానికి ఆ ముగ్గురూ కలిసి పోటీ చేశారు. కమ్యూనిస్టుల ఓట్లు 31 శాతానికి పెరిగాయి, సీట్లు మాత్రం 196లో 15కు పడిపోయాయి. ఈసారి 169 చోట్ల నిలబడ్డారు, 1952లో అన్ని చోట్ల లేరు. కాబట్టి ఆ రెండు శాతాలను ఒకే తక్కెడలో పెట్టలేం. అయినా మూడో వంతుకు దగ్గరగా ఓట్లు తెచ్చుకుని పదమూడో వంతు సీట్లతో సరిపెట్టుకోవడం, ఏ పార్టీకి జరిగినా, నాకు మింగుడుపడదు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం ఓట్లొచ్చినా 175లో దక్కినవి 11.

సీట్ల సంగతి అలా ఉంచితే, ఒక్క స్థానంలోనే ఇంకో చిక్కు ఉంది. 1770లో పారిస్‌లో బోర్డా అనే గణితజ్ఞుడు దాన్ని 21 మంది ఓటర్లతో చూపించాడు. ముగ్గురు అభ్యర్థులకు 8, 7, 6 ఓట్లు. మన లెక్కన 8 వచ్చినాయనదే గెలుపు. కానీ మిగతా 13 మందికీ ఆయనంటే అస్సలు గిట్టదు, వాళ్ల వరసలో ఆయనది ఆఖరి స్థానం. ఇంకా విచిత్రం, 6 ఓట్లతో చివర నిలిచినాయన మిగతా ఇద్దరిలో ఎవరితో ముఖాముఖి తలపడ్డా 13–8తో గెలుస్తాడు. ఎక్కువమంది ఒప్పుకునే మనిషిని మన లెక్కింపు మొదటే పక్కకు నెట్టేసింది.

ముఖాముఖి పోటీలూ ఒక్కోసారి తేలవని, రామయ్య కంటే సోమయ్య, సోమయ్య కంటే భీమయ్య, మళ్లీ భీమయ్య కంటే రామయ్య మేలని జనం తీర్పే గుండ్రంగా తిరగొచ్చని 1785లో కొండొర్సే అనే మరో ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించాడు.

రెండో ఇష్టం చెప్పే ఓటు మనకు కొత్తేమీ కాదు. 2025 ఫిబ్రవరి 27న కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటర్లు అధికారి ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేశారు. ఎవరికీ సగం దాటకపోతే, వెనకబడిన అభ్యర్థి చీటీలు తిరగేసి రెండో అంకె ఎవరికి వేశారో చూస్తారు. అసెంబ్లీ ఓటరుకు ఇప్పటికీ ఒక్క మీటే.