ఖాకీ చొక్కా ఒక్కటే చాలదు

జర్మన్ సినిమా ‘దాస్ ఎక్స్‌పెరిమెంట్’లో భోజనాల దగ్గర జరిగే ఒక చిన్న సన్నివేశం ఉంది. పాలు తన ఒంటికి పడవని ఒక ఖైదీ చెబుతాడు. పెట్టినదంతా తీసుకోవలసిందేనని గార్డు పట్టుబడతాడు. ఇంతలో మరో ఖైదీ ఆ గ్లాసు అందుకుని తానే తాగేస్తాడు. ఖైదీలూ, గార్డులూ అందరూ పత్రికలో ప్రకటన చూసి డబ్బు కోసం వచ్చినవాళ్లే, ఎవరూ ఏ నేరమూ చేయలేదు. అయినా ఆ గ్లాసు పాలతో రాజుకున్న పంతం సినిమా చివరికి ప్రాణాలు పోయేదాకా వెళ్తుంది.

ఆలివర్ హిర్ష్‌బీగెల్ దర్శకత్వంలో 2001లో వచ్చిన ఈ చిత్రంలో 20 మంది మగవాళ్లు, రెండు వారాలకు 4000 మార్కుల (అప్పటి జర్మనీ కరెన్సీ) ప్రతిఫలానికి ఒప్పుకుని, సగం మందికి పైగా ఖైదీలుగా, మిగిలినవారు గార్డులుగా ఒక నకిలీ జైలులోకి వెళ్తారు. యూనిఫాం వేసుకున్న మనిషిలో క్రూరత్వం దానంతట అదే పుట్టుకొస్తుందన్నది ఈ కథకు ఆయువుపట్టు. ఈ నమ్మకం సినిమావాళ్లు కల్పించింది కాదు. అది 1971లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం నుంచి వచ్చింది. ఆ ప్రయోగం నిజంగా ఏం చూపించిందో తెలుసుకోకుండా సినిమా ఒక్కటే చూసి ఊరుకుంటే మనిషి స్వభావం గురించి ఒక పెద్ద పొరపాటు మన మనసులో స్థిరపడిపోతుందని నా భయం.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించే ఫిలిప్ జింబార్డో, ఆ ఏడాది ఆగస్టులో తమ శాఖ భవనం నేలమాళిగలో ఒక జైలు కట్టించారు. రోజుకు 15 డాలర్లు ఇస్తామన్న ప్రకటనకు 70 మందికి పైగా స్పందించగా, శారీరకంగానూ మానసికంగానూ ఆరోగ్యంగా ఉన్నారని తేలిన 24 మంది కుర్రవాళ్లను ఎంపిక చేసి, ఎవరు ఖైదీ, ఎవరు గార్డు అన్నది బొమ్మా బొరుసూ వేసి తేల్చారు. ఖైదీలను పాలో ఆల్టో పోలీసులే ఇళ్లకు వచ్చి, బేడీలు వేసి తీసుకెళ్లారు. జైలులో వాళ్లకు పేర్లు తీసేసి అంకెలిచ్చారు, పొడవాటి అంగీ తొడిగి, కాలికి గొలుసు వేసి, తలకు మేజోడు బిగించారు. గార్డులకు ఖాకీ దుస్తులు, లాఠీ, కళ్లు కనబడనివ్వని అద్దాల కళ్లజోడు దక్కాయి. రెండో రోజే ఖైదీలు తిరగబడ్డారు. గార్డులు అగ్నిమాపక యంత్రాలతో వాళ్లను అణిచి, పరుపులు లాగేసుకున్నారు.

అక్కడ జరిగిన వాటిలో నన్ను ఎక్కువగా కలచివేసేది 416 నంబరు ఖైదీ ఉదంతం. ప్రయోగం మధ్యలో వచ్చి చేరిన ఈ కుర్రవాడు, బయటపడాలన్న ఆశతో అన్నం మానేశాడు. గార్డులు అతన్ని మనిషి నిలబడడానికే చాలని ఇరుకు అల్మరాలో, అతను తిననన్న సాసేజీలనే చేతిలో పెట్టి బంధించారు. ఆ తరవాత మిగిలిన ఖైదీలకు ఒక బేరం పెట్టారు: మీ దుప్పట్లు ఇచ్చేస్తే అతన్ని వదిలేస్తాం, లేదంటే రాత్రంతా అక్కడే ఉంటాడు. ఎక్కువమంది దుప్పట్లే ఉంచుకున్నారు.

రెండు వారాలనుకున్న ప్రయోగం ఆరు రోజులకే ఆగింది. తలలకు సంచులు తొడిగి, ఒకరికొకరిని గొలుసుతో కట్టి, ఖైదీలను వరసగా మరుగుదొడ్డికి నడిపించడం చూసిన క్రిస్టీనా మస్లాక్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ పిల్లలకు మీరు చేస్తున్నది ఘోరమని జింబార్డోతో గట్టిగా వాదించారు. ఆ మరుసటి నెలలోనే, సెప్టెంబరులో, న్యూయార్క్ రాష్ట్రంలోని అటికా జైలులో తిరుగుబాటు జరిగి, దాన్ని అణచడంలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. జైళ్ల గురించి దేశమంతా మాట్లాడుకుంటున్న సమయంలో జింబార్డో చెప్పిన మాట జనానికి వెంటనే పట్టింది: చెడు మనిషిలో లేదు, అతన్ని నిలబెట్టిన చోటులో ఉంది. కనకపు సింహాసనం ఎక్కించినా శునకానికి వెనుకటి గుణం మానదని బడిలో నేర్చుకున్న మనకు, సింహాసనమే గుణాన్ని మార్చేస్తుందనే ఈ సిద్ధాంతం కొత్తగానూ, ఆకర్షణీయంగానూ తోచడం సహజం.

అయితే గార్డులందరూ ఒకేలా మారలేదు. జింబార్డో చెప్పిన ప్రకారమే చూసినా, నిజంగా క్రూరంగా ప్రవర్తించినవారు దాదాపు మూడో వంతు మందే. కొందరు నియమాల మేరకు నడుచుకున్నారు, ఇంకొందరు ఖైదీలకు చిన్నచిన్న సాయాలు కూడా చేశారు. అందరికంటే కఠినుడిగా పేరుపడ్డ రాత్రి గార్డు, తాను ఒక సినిమాలో చూసిన జైలు అధికారిని అనుకరించానని తరవాతి కాలంలో చెప్పాడు. వెండితెర మీది జైలు అధికారి ప్రయోగంలోకి వచ్చి, ఆ ప్రయోగం మళ్లీ వెండితెరకు ఎక్కిందన్నమాట.

2007లో థామస్ కార్నహన్, సామ్ మెక్‌ఫార్లాండ్ అనే పరిశోధకులు అసలు ప్రకటననే పరీక్షకు పెట్టారు. ‘జైలు జీవితం గురించిన అధ్యయనం’ అని ఒక ప్రకటన, ఆ మాట లేకుండా మరొకటి ఇచ్చి చూస్తే, మొదటిదానికి స్పందించినవారిలో దూకుడు, పెత్తనం చేయాలన్న కోరిక ఎక్కువగానూ, ఇతరుల పట్ల సానుభూతి తక్కువగానూ కనిపించాయి. అంటే జైలు తలుపు తీయకముందే కొంత వడపోత జరిగిపోతుందేమోనన్న అనుమానానికి బలం చేకూరింది.

బ్రిటన్‌లో 2001 డిసెంబరులో స్టీఫెన్ రైచర్, అలెక్స్ హాస్లమ్ బీబీసీ కోసం 15 మందితో ఇలాంటి జైలునే నడిపారు. ఇక్కడ గార్డులకు ఎలా ప్రవర్తించాలో పరిశోధకులు చెప్పలేదు. ఆ గార్డులు అధికారం చెలాయించడానికి ఇబ్బంది పడ్డారు, వాళ్లలో వాళ్లకే పొత్తు కుదరలేదు. ఖైదీలు ఒక్కటై ఆ వ్యవస్థను కూల్చేశారు. అది టీవీ కోసం చేసిన తంతు అని జింబార్డో తీసిపారేశారు. ఆ విమర్శను పూర్తిగా కాదనలేం. అయినా యూనిఫాం చాలన్న వాదన అక్కడ నిలబడలేదన్నది మిగిలే ఉంటుంది.

అసలు కీలకం స్టాన్‌ఫర్డ్ ప్రయోగ సమయంలో రికార్డు చేసిన పాత టేపుల్లో ఉంది. ఫ్రెంచ్ పరిశోధకుడు తిబో ల టెక్సియే ఆ ప్రయోగపు దస్త్రాలనూ రికార్డింగులనూ తవ్వి తీసి, తన పరిశీలనను 2018లో ఫ్రెంచ్‌లోనూ, 2019లో ఇంగ్లిష్‌లోనూ ప్రచురించారు. ప్రయోగానికి ముందు జరిగిన సమావేశంలో, ఖైదీల్లో విసుగు, కొంత భయం పుట్టించవచ్చని, వాళ్ల బతుకు పూర్తిగా మన చేతుల్లోనే ఉంటుందని జింబార్డో గార్డులకు చెప్పారు. తాము ఇచ్చింది స్థూలమైన సూచనేనని, క్రూరత్వం గార్డులు సొంతంగా చేసిందేనని ఆయన చివరిదాకా సమర్థించుకున్నారు. కానీ ఆ జైలుకు సూపరింటెండెంటు స్వయంగా ఆయనే. ఆటగాడే అంపైరైతే స్కోరును ఎంతవరకు నమ్మగలం?

సినిమా చేసిన మార్పు నాకు ఇక్కడే కనిపిస్తుంది. ‘దాస్ ఎక్స్‌పెరిమెంట్’లో పరిస్థితి చేయిదాటే వేళకు ప్రయోగం నడిపే ప్రొఫెసర్ అక్కడ ఉండడు, గార్డులు తమంతట తామే పగ్గాలు పట్టుకుంటారు. థ్రిల్లర్‌కు అది కావాలి, మృగం లోపలి నుంచి లేవాలి. 2015లో వచ్చిన ‘ది స్టాన్‌ఫర్డ్ ప్రిజన్ ఎక్స్‌పెరిమెంట్’ ఈ విషయంలో వాస్తవానికి దగ్గరగా ఉంది, అందులో ప్రొఫెసర్ కథ మధ్యలోనే నిలబడతాడు.

టేపుల్లో ఒకచోట వార్డెన్‌గా ఉన్న విద్యార్థి, అంతగా కలవని ఒక గార్డును పక్కకు పిలిచి మాట్లాడతాడు. ప్రతి గార్డూ గట్టిగా ఉండాలని, ఈ ఫలితాలు జైళ్ల సంస్కరణకు పనికొస్తాయని నచ్చచెబుతాడు. తాను అంత కఠినుణ్ణి కానని ఆ గార్డు అంటాడు. వార్డెన్ వదలకుండా, ప్రయత్నించమని మళ్లీ అడుగుతాడు. అతని గొంతులో బెదిరింపు లేదు. ఒక మంచి పనికి తోడు రమ్మని స్నేహితుణ్ణి బతిమాలుతున్నట్టే ఉంటుంది.